పాపా నేనూ ఒకటో తరగతి

సౌదీలో బురైదా అనే ఊళ్లో ఆ ఇంట్లో నేను పనికి చేరేనాటికి పాపకు ఐదేళ్లు నిండాయి. నేను గేటు దాటి లోపలికి రాగానే మేడమ్ నా సంచీ ఒక పక్కన పెట్టించి, పాపను నా ముందు నిలబెట్టి, జుట్టు పక్కకు తీసి చూపించింది. కుడి చెవి వెనక చిన్న మిషను, దాన్నుంచి సన్నటి వైరు, వైరు చివర రూపాయి బిళ్ళంత గుండ్రటి ముక్క తలకు అతుక్కుని ఉంది. తల లోపల కూడా అలాంటి ముక్క ఒకటి ఉందనీ, మూడో ఏట ఆపరేషన్ చేసి పెట్టారనీ, లోపలిదీ బయటిదీ అయస్కాంతంతో పట్టుకుని ఉంటాయనీ, బయటిది తీసేస్తే పాపకు ఉరుము కూడా వినిపించదనీ నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మేడమ్ చెప్పినదాంట్లో నాకర్థమైంది ఒక్క మాటే. తన చెవిని ముట్టుకుని, వేలు అటూ ఇటూ ఊపి, "మాఫీ" అంది. లేదు అని. ఏజెంటు దగ్గర నేర్చుకుని వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి.

నేను ఇంటర్ దాకా చదివాను. రాయచోటి దగ్గర మా ఊళ్లో మిషను కుట్టేదాన్ని. మా ఆయన పోయాక బిడ్డను మా అక్క ఇంట్లో ఉంచి ఇక్కడికి వచ్చాను. ఊళ్లో ఉన్నప్పుడు నా నోటికి తాళం ఉండేది కాదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కబుర్ల కోసం ఇంకో గంట కూర్చునేవాళ్లు. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చాక ఒక్కసారిగా మూగదాన్నయిపోయాను. ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బా పట్టుకుని చూపించాలి. కడుపు నొప్పి అని చెప్పాలంటే కడుపు పట్టుకుని వంగాలి.

పాప సంగతీ అంతే. మాటలు చెవిన పడటం మొదలై అప్పటికి రెండేళ్లే. అమ్మ, నీళ్లు, ఇవ్వు, వద్దు లాంటి మాటలు కొన్ని వచ్చు. మిగిలిందంతా చేతులతోనూ కళ్లతోనూ, అవీ చాలకపోతే నేల మీద పడి దొర్లడంతోనూ చెప్పేది. అందుకే మా ఇద్దరికీ త్వరగా కుదిరింది. ఎవరేం అడుగుతున్నారో ముఖం చూసి పట్టుకోవడం ఇద్దరికీ అలవాటే కదా.

ఆ ఇంట్లో మేడమ్, ఆమె భర్త, అత్తగారు, పాప ఉండేవాళ్లు. మేడమ్ ఆసుపత్రిలో మందులిచ్చే చోట పనిచేసేది. భర్తకు ఊరి బయట ఖర్జూరం తోట ఉంది, పగలంతా అక్కడే. కారు నడిపే అన్న జగిత్యాల మనిషి. ఆ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నాడు. వయసులో నాకన్నా చాలా పెద్ద కాబట్టి నన్ను "చెల్లె" అని పిలిచేవాడు. కారులో ముందు నుంచి ఆయన "చెల్లె, పాపకు బెల్టు పెట్టినవా" అనడం, వెనక నుంచి నేను పలకడం పాప రోజూ చూసేది. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, గట్టిగా "షెల్లె!" అంది. వాళ్ల భాషలో 'చ' లేదు. నేను చేతిలో గిన్నె అక్కడే పెట్టి పరుగున వెళ్లాను. మేడమ్ కూడా లోపలి గదిలోంచి వచ్చింది. పాప ఎవరూ నేర్పకుండా, తనంతట తాను విని పట్టుకున్న మొదటి పేరు అదేనట. ఆనాటి నుంచి ఆ ఇంట్లో అందరికీ నేను షెల్లెనే. పాప నాయనమ్మ, నేను పెద్దామె అనుకునే ఆవిడ, నా తల్లి వయసున్న మనిషి, ఆమె కూడా "షెల్లె, షాయ్" అనేది. ఆ సంగతి చెబితే అన్న స్టీరింగు మీద తలపెట్టి నవ్వేవాడు.

పొద్దున లేవగానే మొదటి పని పాప మిషను చూడటం. రాత్రి తేమ పోవడానికి డబ్బాలో పెట్టినదాన్ని తీసి, బ్యాటరీ వేసి, తలకు తగిలించాక నేను వెనక నిలబడి ఒక్కో శబ్దం పలకాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పాప నా నోరు చూడకుండా వాటిని తిరిగి పలకాలి. మాటలు నేర్పే డాక్టరమ్మ ఈ పని మేడమ్‌కు చెబితే, మేడమ్ నాకు నేర్పింది. అన్నీ పలికితే మిషను బాగున్నట్టు. ఒకరోజు 'ష్', 'స్' రెండింటికీ పాప మాట్లాడకుండా నిలబడింది. మైకు మీది చిన్న మూతలో దుమ్ము పేరుకుంది. మూత మార్చగానే "స్స్స్" అని ఇల్లంతా పాములా తిరిగింది.

ఆ డాక్టరమ్మే ఇంకో మాట కూడా చెప్పింది. పాపకు ముందు ఒక్క భాష గట్టిపడాలి, ఇంట్లో అందరూ అరబ్బీలోనే మాట్లాడండి అని. మేడమ్ నాకు చేతులతో, మాటలతో కలిపి వివరించింది. పాప వినేటప్పుడు నీ భాష వద్దు అని. తలూపాను. కానీ నాకొచ్చిన అరబ్బీ ఎంత? గంటలో అయిపోయేది. ఆపైన ఇద్దరం నోరు మూసుకుని కూర్చునేవాళ్లం.

స్నానం చేయించేటప్పుడు మాత్రం మిషను తీసెయ్యాలి. నీళ్లు తగలకూడదు. తలుపు వేసి, కొళాయి తిప్పగానే నాకు నోరు తెరుచుకునేది. ఆ బిడ్డకు ఎలాగూ వినబడదు కదా, నష్టమేముంది? తలకు నురగ పట్టిస్తూ అన్నీ చెప్పేదాన్ని. "కండ్లు మూసుకో నా తల్లీ, మంట పుడతాది. మా పాప గూడా ఇట్లనే ఎగరతాంటాది నీళ్లు పోస్తాంటే. దాని జుట్టు నీకంటే దట్టం. ఈ ఎండల్లో మీ ఊర్లో మనుషులెట్ల బతుకుతాండారో ఏమో." పాప నా నోటినే చూసేది. నేను నవ్వితే నవ్వేది. కొన్నాళ్లకు నేను మాట్లాడుతుంటే తన పెదాలు కూడా నాతో పాటు కదపడం మొదలుపెట్టింది. శబ్దం లేకుండా, నేను అన్నట్టే అనేది.

ఒక సాయంత్రం తలుపు సరిగా పడలేదు. తువ్వాలు ఇవ్వడానికి వచ్చిన మేడమ్ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేను మాటాడుతున్నాను, పాప పెదాలు కదుపుతోంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మేడమ్ తువ్వాలు చాచి పాపను అందులో చుట్టి ఎత్తుకుంది. మిషను తగిలించింది. ఆ తర్వాత, "ఏం చెబుతున్నావు ఇంతసేపు?" అని అడిగింది.

"నా కూతురు..." అన్నాను. అరబ్బీలో అంతకన్నా రాలేదు. పాప ఎత్తుకు కొంచెం పైన చెయ్యి పెట్టి చూపించాను.

"నీకు కూతురుందని తెలుసు. ఇంత కబుర్లు చెప్పే మనిషివని తెలీదు," అంది మేడమ్.

ఆ తర్వాతి వారం ఆమె డాక్టరమ్మను అడిగింది. ఇంకో భాష వింటే పిల్ల పాడైపోదని, అసలు మాటలే లేకుండా గంటల తరబడి గడపడం అంతకన్నా నష్టమని ఈసారి డాక్టరమ్మ చెప్పిందట. ఎవరికి ఏ భాష చక్కగా వస్తే ఆ భాషలోనే పాపతో ఆడండి, పాడండి, అరబ్బీ మాత్రం ఎలాగూ ఇంటినిండా ఉంటుంది అందట. మేడమ్ ఇంటికొచ్చి నాకు ఒక్క ముక్కలో చెప్పింది. "మాట్లాడు షెల్లె. పిల్ల చెవికి మిషను ఉన్నప్పుడు కూడా మాట్లాడు."

ఖర్జూరం కాయలు దిగే రోజుల్లో, రోడ్ల నిండా పండ్ల బుట్టలతో బండ్లు తిరిగే కాలంలో, పాపకు బడి మొదలైంది. వేరే పిల్లలు చదివే మామూలు బడే, ఆడపిల్లలది. చెవుడున్న పిల్లల బడికి పంపుదామని పెద్దామె అంది గాని మేడమ్ ఒప్పుకోలేదు. మొదటి వారం ఒకటో తరగతి పిల్లలతో తల్లులు వచ్చి ఉండొచ్చు. మేడమ్‌కు రెండు రోజులే సెలవు దొరికింది. మిగతా రోజులు నేను వెళ్లి తరగతిలో వెనక వరసలో, పిల్లల చిన్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాను.

టీచరు చిన్నది, మంచి పిల్ల, కానీ వేగం మనిషి. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడేసేది. గది నేలంతా నున్నటి బండలు, గోడలు బోసి. ఒక పిల్ల కుర్చీ జరిపితే ఆ కీచుమనే చప్పుడు నాకే పళ్లు జివ్వుమనిపించేది. పైన ఏసీ ఒకటి గుర్రుమంటూ ఉండేది. పాప కాసేపు చూసింది. చెయ్యి పైకెత్తి, తల మీది గుండ్రటి ముక్కను తీసి, భుజం మీద వేలాడేసుకుంది. ఇక హాయిగా బొమ్మ గీసుకుంటూ కూర్చుంది. టీచరు పిలిచినా, పక్క పిల్ల తట్టినా తలెత్తలేదు. వెళ్లి తగిలించాను. కుర్చీలు కీచుమనగానే మళ్లీ తీసేసింది. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు కారులో నాకు ఏడుపొచ్చింది.

"ఏమైంది చెల్లె?" అన్నాడు అన్న అద్దంలో చూసి.

"ఆ బడి మనకొద్దులేన్నా. చెవులొచ్చినాయని సంతోషపడితే ఆ సప్పుడుకి చెవులే వద్దంటాంది పిల్ల."

"మొదటి దినాలు గట్లనే ఉంటయి. నాకు గీడికొచ్చిన కొత్తల ఈ ట్రాఫిక్ చూస్తే బండి వదిలి ఉరుకుదామనిపించింది," అన్నాడు.

ఆ బడిలో వినికిడి తక్కువున్న పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక పెద్ద టీచరు ఉంది. మర్నాడు ఆమె వచ్చి ఒక పీరియడంతా ఏమీ మాట్లాడకుండా పాప పక్కన కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే మార్చింది. పాప వినే చెవి కుడిది కాబట్టి, మిగతా పిల్లలంతా ఆ చెవి వైపు వచ్చేలా ఎడమ చివర ముందు బల్ల ఇచ్చింది. ఏసీకి అది దూరం కూడా. క్లాసు టీచరుకు మెడలో గొలుసులా వేసుకునే చిన్న మైకు ఇచ్చింది. టీచరు ఎక్కడ నిలబడి మాట్లాడినా ఆ మాట నేరుగా పాప మిషనుకు చేరుతుంది. "బోర్డు మీద రాసేటప్పుడు రాయి. తిరిగాక మాట్లాడు," అని క్లాసు టీచరుకు నవ్వుతూ చెప్పింది. ఇక కుర్చీల కాళ్లు మిగిలాయి. ఏదైనా మెత్తటిది తొడగాలి అంటూ ఆమె చుట్టూ చూస్తుంటే, నేను వెనక నుంచి కుట్టు మిషను తొక్కినట్టు కాలు ఆడించి, నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. నేను కుడతాను అని. గదంతా నవ్వింది.

ఇంట్లో పాత ఉన్ని దుప్పటి ఒకటి పెద్దామె ఇచ్చింది. అది ఆవిడ పెళ్లినాటిదట. కత్తెర వెయ్యడానికి నాకు మనసొప్పక చూస్తుంటే తనే లాక్కుని మొదటి ముక్క కత్తిరించింది. అంతకుముందు ఆ బడి వద్దన్న మనిషే, సాయంత్రమంతా నా పక్కన కూర్చుని చిన్న చిన్న సంచుల మూతులకు ఎలాస్టిక్ ఎక్కించింది. పాప ఒక్కోటీ చేతికి తొడుక్కుని ఆడింది. మర్నాడు వాటిని కారులో ఎక్కిస్తుంటే అన్న ఒకటి పట్టుకుని తిప్పి చూశాడు.

"గిదేంది చెల్లె? గింత చిన్న పిల్లలకు సాక్సులా?"

"పిల్లలకు కాదన్నా, కుర్చీలకు."

"కుర్సీలకు సాక్సులు! మా ఊర్ల చెప్తె నమ్మరు," అన్నాడు.

పిల్లలే గుంపులు గుంపులుగా నేల మీద కూర్చుని తమ కుర్చీలకు తొడిగారు. గీతల దుప్పటి కాబట్టి ప్రతి కుర్చీకీ గీతల సాక్సులు. పని అయ్యాక టీచరు అందర్నీ లేచి కూర్చోమంది. మళ్లీ లేచి కూర్చోమంది. మెత్తటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. పాప తల మీది ముక్క తల మీదే ఉంది.

ఆ వారంలోనే పిల్లలు పాప తల మీదున్నదేమిటని అడిగారు. పెద్ద టీచరు బోర్డు మీద చెవి బొమ్మ గీసి, ఇది ఎలా వినిపిస్తుందో చెప్పి, పాప ముందు నుంచి మాట్లాడాలని, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలని, లాగకూడదని వివరించింది. మర్నాడు ముందు బల్ల పిల్ల ఒకతి చెవి పైన జుట్టులోకి గుండ్రటి నల్ల క్లిప్పు గుచ్చుకుని వచ్చింది. సరిగ్గా పాపకు ఉన్న చోటే. "నాక్కూడా ఉంది," అని పాప ఎదురుగా వచ్చి నిలబడి తల తిప్పి చూపించింది. పాప దాన్ని వేలితో తట్టి చూసింది, తనది తట్టుకుంది. ఇద్దరూ చేతులు పట్టుకుని నీళ్ల కొళాయి దగ్గరికి వెళ్లారు. ఆ పిల్లను నేను క్లిప్పు పిల్ల అనేదాన్ని.

వారం అయిపోయాక నేను బడికి వెళ్లే పని లేదు. ఇంట్లో సాయంత్రం పాపకు పాఠం వల్లె వేయించడం మాత్రం నా పనే. మేడమ్‌కు ఎక్కువగా సాయంత్రం డ్యూటీ. పాప పుస్తకంలో బొమ్మ, కింద మాట. బొమ్మ చూసి మాట నేను చదవాలి, పాప రాయాలి. అక్షరాలు నేనూ పాపతో పాటే నేర్చుకున్నాను, కుడి నుంచి ఎడమకు, చుక్కలు లెక్కపెట్టుకుంటూ.

అరబ్బీలో అంజూరపండును తీన్ అంటారు. మట్టినీ తీన్ అంటారు. వాళ్లకు అవి రెండు వేరు వేరు మాటలు. పండుకు 'త' తేలిగ్గా పళ్ల వెనక నుంచి రావాలి, మట్టికి నోరు నింపుకుని బరువుగా రావాలి. అక్షరాలు కూడా వేరు. నా చెవికి రెండూ ఒకటే, నా నోటికీ ఒకటే. పాపకు మిషనులోంచి ఆ తేడా పట్టుకోవడం ముందే కష్టం. ఇక నేను రెండింటినీ ఒకేలా పలికితే ఆ బిడ్డ ఏం చేస్తుంది? బడిలో టీచరు రాయించిన వాక్యం, నాన్న అంజూరపండు తిన్నాడు. పాప రాసింది, నాన్న మట్టి తిన్నాడు.

పాప నాన్న చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"షెల్లె, ఇక నుంచి మాటలు నువ్వు చదవొద్దు. నేను ఫోన్లో రికార్డు చేసి పెడతాను. పాపకు అది వినిపించు."

"సరే మేడమ్."

ఆమె వెళ్లలేదు. నేను కడిగిన గ్లాసు తీసుకుని మళ్లీ తుడవసాగింది. "అది నీ తప్పని కాదు," అంది. "పొద్దున మిషను నువ్వు పెడతావు. చదువు నువ్వు చెబుతావు. పడితే నీ దగ్గరికే పరిగెడుతుంది. దానికి చెవులు రావాలని ఆపరేషన్ గది బయట కూర్చుని నేను ఎంత దువా చేశానో. ఇప్పుడది వినే గొంతు నాది కాదు."

నాకు అన్ని మాటలు అర్థం కాలేదు. ఆమె ముఖం అర్థమైంది. నా బిడ్డ ఫోన్లో మా అక్కను "అమ్మా" అని పిలిచి, తర్వాత నాలుక కరుచుకున్న రోజు నేనూ అలాగే నిలబడ్డాను. ఆమెకు అది చెప్పాలనుకున్నాను. వచ్చిన అరబ్బీలో చెప్పాను. "నా కూతురు... నా అక్కకు అమ్మా అంటుంది. నేను ఇక్కడ..." అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

రికార్డు చేసిన మాటలు పాప వినలేదు. ఫోన్ పక్కకు తోసేసింది. అందులో ముఖం లేదు కదా. మేడమ్ ఆసుపత్రిలో ఎవరినో బతిమాలి వారంలో కొన్ని సాయంత్రాలు డ్యూటీ మార్పించుకుంది. ఆ మొదటి సాయంత్రం పాపను ముందు కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచి, నన్ను కేకేసింది.

"నువ్వూ ఒక పెన్సిల్ తెచ్చుకో."

"నేనా?"

"పిల్లకు నేర్పాలంటే నీక్కూడా రావాలి. కూర్చో."

అలా పాపా నేనూ చాప మీద పక్కపక్కన కూర్చున్నాం. మేడమ్ పండు తీన్ అన్నప్పుడు గొంతు మీద మా చేతులు పెట్టించింది, మట్టి తీన్ అన్నప్పుడు మళ్లీ పెట్టించింది. బరువైన మాటకు గొంతు లోపల వేరేలా కదులుతుంది. చేతికి తెలిసింది. ఆ తర్వాతే చెవికి తెలిసింది, నాకూ పాపకూ కూడా. పాప తన కాగితం పూర్తి చేశాక నా కాగితంలోకి తొంగి చూసేది. నేను తప్పు రాస్తే నేల మీద దొర్లి నవ్వేది. మేడమ్ గట్టిగా, "ఎగతాళి చెయ్యకూడదు, షెల్లె కూడా చదువుకుంటోంది," అనేది. అని తను కూడా నవ్వేది. పెద్దామె గోడకు ఆనుకుని క్లేజా బిస్కెట్లు విరుచుకు తింటూ, ఎవరు గెలిచారు అని అడిగేది.

అప్పుడప్పుడు ఆ సమయానికే మా బిడ్డ ఫోన్ చేసేది. వీడియోలో నా చేతిలో పెన్సిల్ చూసింది ఒకసారి.

"మా, నువ్వు గూడా రాస్తాండావా? ఏం క్లాసుమా నువ్వు?"

"ఒకటో తరగతి," అన్నాను.

"నేను నాలుగు. నీకంటే పెద్ద," అంది. పాప నా భుజం మీద నుంచి వంగి ఫోన్లోకి చూసి, "నీల్లు" అంది. స్నానాల గదిలో నేను రోజూ అనే మాట. మా బిడ్డ లేచి లోపలికి పరిగెత్తి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఫోను ముందు పెట్టింది. ఇద్దరూ ఎంత నవ్వారో.

చలికాలం సగమయ్యాక ఒక మధ్యాహ్నం మేడమ్ ఫోన్ మోగింది. బడి నుంచి అనగానే ఆమె ముఖం మారిపోయింది. పడిందా, మిషను పోయిందా అని నేనూ దగ్గరికి వెళ్లాను. ఆమె స్పీకరు పెట్టింది. క్లాసు టీచరు మాట్లాడుతోంది, కొంచెం ఇబ్బంది పడుతూ.

"ఏమీ కాలేదు, కంగారు పడకండి. కాకపోతే మీ అమ్మాయి క్లాసులో బాగా మాట్లాడుతోంది. పక్క పిల్లతో. నేను చెబుతున్నా ఆపడం లేదు. ఇవాళ మూడుసార్లు చెప్పాను."

మేడమ్ ఫోన్‌ను ఇంకా దగ్గరికి తీసుకుంది.

"వింటున్నారా?"

"మళ్లీ చెప్పండి," అంది మేడమ్.

టీచరు మళ్లీ చెప్పింది. ఇద్దర్నీ విడదీసి కూర్చోబెట్టాల్సి వస్తుందేమో అంది. మేడమ్ ఫోన్ పెట్టేసి సోఫాలో కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. పెద్దామె హడలిపోయి వచ్చి ఏమైందని అడిగితే, "వాగుతోందట! క్లాసులో వాగుతోందని కంప్లైంటు!" అంది ఏడుస్తూనే. పెద్దామె చేతులు పైకెత్తి దేవుడికి మొక్కింది. మేడమ్ భర్తకు ఫోన్ చేసింది, తన అమ్మకు చేసింది, ఆసుపత్రిలో స్నేహితురాళ్లకు చేసింది. నన్ను క్లేజా డబ్బాలు తీసి పక్కిళ్లకు ఇచ్చి రమ్మంది. బయట కారు తుడుస్తున్న అన్నకు ఒక డబ్బా ఇచ్చాను.

"ఏం ఖుషీ చెల్లె?"

"పాప క్లాసులో మాట్లాడతాందని టీచరు కంప్లైంటు చేసిందన్నా."

ఆయన డబ్బా పట్టుకుని నా వంక చూశాడు. "కంప్లైంటొస్తె మిఠాయి పంచుతున్రా?" అన్నాడు. తర్వాత ఆయనకే అర్థమై, గుడ్డ భుజం మీద వేసుకుని, కళ్లు తుడుచుకున్నాడు.

మరునాడు టీచరు అన్నంత పనీ చేసింది. క్లిప్పు పిల్లను వెనక బల్లకు మార్చింది. పాప ఇంటికొస్తూనే సంచీ విసిరికొట్టి, గది మధ్యలో నిలబడి ఏడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది. టీచరు ఏమందో, తను ఏమందో, అసలు ముందు మాట్లాడింది తను కాదని, క్లిప్పు పిల్ల ఇంట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందని, అది చెప్పకపోతే ఎలాగని, పిల్లులు ఏ రంగువో కూడా చెప్పింది. కొన్ని అక్షరాలు వంకరగా వచ్చాయి. ఒకటి రెండు తెలుగు మాటలు మధ్యలో దూరాయి. మేడమ్ నేల మీద పాప ఎదురుగా కూర్చుంది. పెద్దామె వచ్చి కూర్చుంది. నేను పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను. ఎవరం ఊరుకోమని అనలేదు. పాప ఇంకా చెబుతూనే ఉంది.